పడిపోయిన కుడి చెయ్యి: చూసుడు ఎంత, చేసుడు ఎంత

నాకు పక్షవాతం వచ్చింది. రక్తనాళం పూడుకుపోయింది ఎడమ మెదడులో (మెదడు ఎడమ సగంలో), పడిపోయింది కుడి చెయ్యి. మెదడు నుంచి చేతికి దిగే నరాల పోగుల్లో 85 నుంచి 90 శాతం మెడకు కాస్త పైన అటువి ఇటు దాటుతాయి కాబట్టి ఇట్ల జరుగుతుంది. మూతి వంకరపోయినా, చెయ్యి జారినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇస్తారు, అదీ స్కాన్ చూశాకే. పావురం రక్తం రాయించడానికి తిరిగితే ఆ గంటలు పోతాయి. ప్రమాదం గడిచి, ఫిజియోథెరపీ మొదలయ్యాక చేతికి ఏమేం చేయాలో ఇక్కడ చెప్తున్న.

కుడిచేతివాటం మనిషి కుడి చెయ్యి కదిపితే పని ఎక్కువగా ఎడమ మెదడుదే. ఎడమ చెయ్యి కదిపితే మాత్రం కుడి మెదడుతోపాటు ఎడమ మెదడూ కొంత పాలు పంచుకుంటుంది. అందుకే ఎడమ మెదడు దెబ్బతింటే బాగున్న ఎడమ చేతికి కూడా పొందిక తగ్గొచ్చు. దువ్వెనను గుర్తుపట్టి, పేరు చెప్పి, దాన్ని తలమీద ఎట్ల ఆడించాలో తోచని వాళ్లుంటారు. దాన్ని అప్రాక్సియా అంటారు, ఎక్కువగా ఎడమ మెదడు దెబ్బతోనే వస్తుంది. ఇంట్లోవాళ్లు దాన్ని మొండితనం అనుకోవద్దు, తిట్టొద్దు.

చూసేటప్పుడు లెక్క వేరు. ఇంకొకరి చెయ్యి పని చేస్తుంటే మనసుపెట్టి చూస్తే రెండు మెదళ్లలోనూ కదలికను సిద్ధం చేసే భాగాలు మేలుకుంటాయి. 1992లో ఇటలీలోని పార్మాలో రిజ్జొలాట్టి బృందం కోతుల్లో ఇలాంటి కణాలను చూపించింది. కోతి తాను వస్తువు పట్టుకున్నా, ఎదుటివాళ్లు పట్టుకోవడం చూసినా అవే కణాలు స్పందించాయి. మనుషుల్లోనైతే వేలు కదలకపోయినా, చూస్తున్నంతసేపు ఈఈజీలో (తలమీద తీగలు పెట్టి మెదడు తరంగాలు చూసే పరీక్షలో) 8–13 హెర్ట్జ్ మ్యూ తరంగం తగ్గుతుంది, అంటే కదలికను నడిపే భాగం పనిలో పడ్డట్టు. ఒకవైపు దెబ్బతిన్నోళ్లకు చూపు పనికొచ్చేది ఇందుకే. అయితే ఉత్త చూపుతో చెయ్యి రాదు. చూసిన వెంటనే అదే కదలికకు ప్రయత్నించాలి, వేలు కొనంత కదిలినా సరే.

మా ఇంట్లో దీనికి సకినాలకు మించిన పాఠం దొరకలేదు. పిండి ముద్ద గుప్పిట్లో ఉంటుంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేలు కలిసి దాన్ని మెలిపెడుతూ సన్నటి తీగలా వదులుతాయి. మణికట్టు మెల్లగా చుట్టు తిరుగుతుంటే బట్ట మీద చుట్టు మీద చుట్టు పడుతుంది. దీన్ని ఒక్కసారే నేర్వబోవద్దు, నాలుగు ముక్కలు చేయాలి: ముద్ద పట్టడం, వేళ్లతో మెలిపెట్టడం, మణికట్టు తిప్పడం, తీగ తెంపడం. ఒక్కో ముక్కను రెండు మూడు నిమిషాలు చూసి, అంతసేపే చేయాలి. మొదట్లో తడి బియ్యప్పిండి వద్దు, తీగ తెగిపోయి విసుగొస్తుంది. మెత్తగా కలిపిన గోధుమపిండి సాగుతుంది, తెగదు.

ఎక్కడ కూర్చుని చూస్తున్నారనేది చాలా ముఖ్యం. వదిన ఎదురుగా కూర్చుని చుడితే ఆమె కుడి చెయ్యి మనకు ఎడమవైపు కనబడుతుంది. ఆమె పక్కనే, కాస్త వెనక కూర్చుని భుజం మీదుగా చూడాలి. అప్పుడా చెయ్యి మన ఒంటికే ఉన్నట్టు కనిపిస్తుంది, మెదడు స్పందన కూడా ఎక్కువగా ఉంటుంది. ఫోన్లో వీడియో తీస్తే వెనక కెమెరాతోనే తీయాలి. కొన్ని ఫోన్లలో సెల్ఫీ కెమెరా బొమ్మను తిరగేస్తుంది, కుడి చెయ్యి ఎడమదై కూర్చుంటుంది.

వేళ్లు అసలే కదలనప్పుడు అద్దం పనికొస్తుంది. రెండు చేతుల మధ్య, ఒంటికి నడిమిన అద్దం నిలబెట్టాలి. దాని ముఖం బాగున్న ఎడమ చేతివైపు ఉండాలి, కుడి చెయ్యి వెనక దాగాలి. రెండడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు చాలు, అంచులకు టేపు వేయాలి. గాజులు, ఉంగరం, గడియారం తీసేయాలి. ఒక చేతికి గాజులుండి ఇంకోదానికి లేకపోతే అద్దంలోది తన చెయ్యి అని మనసు ఒప్పుకోదు. గుప్పిట తెరవడం, మణికట్టు పైకెత్తడం, బొటనవేలితో ఒక్కో వేలిని తాకడం, ఇవి మెల్లగా చేస్తూ అద్దంలోకే చూడాలి. వెనకున్న చేతిని కూడా అట్లనే కదపబోవాలి. రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు, కనీసం నాలుగు వారాలు. 2018లో కాక్రేన్ (వైద్య అధ్యయనాలను కలిపి సమీక్షించే సంస్థ) సమీక్ష 62 అధ్యయనాలు కలిపి చూసి, చేతి కదలికకు ఇది మేలు చేస్తుందని తేల్చింది, కనీసం మామూలు వ్యాయామానికి తోడుగానైనా. తల తిరిగినా, వికారం వచ్చినా ఆపేసి మరునాడు తక్కువసేపు చేయాలి. కుడి మెదడు దెబ్బతిన్నవాళ్లలో కొందరికి ఎడమ పక్క ఉన్నదే గమనికలోకి రాదు. వాళ్లకు ఫిజియోథెరపిస్ట్ పక్కనుండాలి.

సాధనలో ఎక్కువగా పాడయ్యేది భుజం దగ్గరే. వేళ్లు రాక భుజం పైకి లేస్తుంది, నడుము ముందుకు వంగుతుంది, మనకేమో చెయ్యి కదిలినట్టే అనిపిస్తుంది. అట్ల అలవాటైతే వేళ్ల పని వెనకబడుతుంది. మోచెయ్యి బల్లమీద ఆనించి, వీపు కుర్చీకి ఆనించి చేయాలి. లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టి లాగొద్దు, భుజం కీలు జారుతుంది. నడుం దగ్గర పట్టుకుని లేపండి. చేతివేళ్లు వాచి, ముట్టుకుంటే మండుతుంటే సాధన ఆపి ముందు డాక్టరుకు చూపించాలి.