పలక మీద 121

‘రెండు పేజీలు చాలు, ఫోటో మాత్రం మరిచిపోకండి’ అని మన బ్యాచ్ కలిసే రోజుకి సంచిక వేస్తున్న కమిటీ వాళ్లు మూడోసారి మెసేజ్ పెట్టారు. భావి ఉపాధ్యాయులకు స్ఫూర్తినిచ్చే అంశం కావాలట. స్ఫూర్తి అనే మాట చెవిన పడితే మన లెక్కల మాస్టారు కళ్లజోడు తీసి కండువాతో ఎంతసేపు తుడిచేవారో మీకు చెప్పక్కర్లేదు. అందుకని ఆయన గురించే రాస్తున్నాను. గొడుగు సంగతి, శుక్రవారం ఉప్మా, వీడ్కోలు రోజు మైకు వదలని మహానుభావుడు, ఇవన్నీ రాసేందుకు మనలో వేరే సమర్థులున్నారు.

వమరవల్లి డైట్‌లో, అంటే జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో, రెండేళ్లు చదివామని సర్టిఫికెట్ చెబుతోంది. నాకు మిగిలింది మాత్రం పాఠ్య పథకాల పుస్తకంలో ఒక గడి. అందరూ మూడు గడులు గీసేవారు: బోధనాంశం, ఉపాధ్యాయుని కృత్యం, విద్యార్థి కృత్యం. మన మాస్టారు నాలుగోది గీయించారు. దానిపేరు ‘ఆగిన చోటు’. పాఠం అయ్యాక పది నిమిషాల్లోపు నింపాలి. సాయంత్రం హాస్టల్లో కూర్చుని రాస్తే ఒప్పుకునేవారు కాదు, అప్పటికి మనకి అనుకూలంగా మారిపోతుందని. ఒక్క చోటే రాయాలి. పిల్లవాడు అన్నది అన్నట్టు, రాసింది రాసినట్టు దించాలి. ‘పిల్లలకు అర్థం కాలేదు’ అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన ‘ఏటి?’ అని ఒక్క ముక్క రాసేవారు. నా పుస్తకంలో ఆ ‘ఏటి?’లు ఎన్నో లెక్కపెట్టే ధైర్యం నాకిప్పటికీ లేదు. ‘క్లాసు గోల చేసింది’ అన్నా అదే గతి. గోలకి ముందు ఏ ప్రశ్న అడిగావో అది రాయమనేవారు.

ఇక సీతంపేట వైపు టీచింగ్ ప్రాక్టీసు. అప్పుడది మన శ్రీకాకుళం జిల్లాయే, 2022 నుంచి పార్వతీపురం మన్యం. పాఠం ఎవరిదో చెప్పను, చదివితే ఆయనకే తెలుస్తుంది. రెండో తరగతి, పదులు ఒకట్లు. చార్టు ఎంత అందంగా గీశాడంటే మేకు ఊడి రెండుసార్లు పడినా పిల్లలు దాన్నే చూస్తున్నారు. పన్నెండు దాకా బండి నడిచింది. పదమూడు రాయమంటే ఒక సవర గిరిజన పిల్ల పలక మీద 121 అని రాసింది. పక్క పిల్లా అంతే. మనవాడు చెరిపి 13 రాసిచ్చాడు. పద్నాలుగు అడిగితే 122. అక్కడితో మనవాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. బయటికొచ్చి, ఈ ఉద్యోగం నాకొద్దు, ఆటో తోలుకుంటానన్నాడు.

మాస్టారు ఓదార్చలేదు. ‘ఎక్కడాగిందేటి?’ అన్నారు. పలక తెప్పించుకుని చూశారు. మైదానంలో మన పిల్లలు పదిహేడుకి 107 రాస్తారు. చెవికి పది, ఏడు వినిపిస్తాయి కాబట్టి రెండూ పక్కపక్కన పెడతారు. ఇదీ అలాంటి తప్పే, కాకపోతే వీళ్ల చెవికి వినిపిస్తున్నది పది కాదు. బడిలో వంట చేసే సవర అమ్మని పిలిచి చింతపిక్కలు దోసెడు ఇచ్చి, మీ మాటలో లెక్కపెట్టమ్మా అన్నారు. పదికి గల్జి అంది, పన్నెండుకి మిగల్ అంది. అక్కడ్నుంచి మిగల్‌కే ఒకటి, రెండు తగిలించుకుంటూ పోయింది. ఏడుకి గుల్జి, పంతొమ్మిదికి మిగల్ గుల్జి, అంటే పన్నెండూ ఏడూ. ఇరవై దగ్గర మళ్లీ కొత్త మాట. ముప్ఫై రెండు వాళ్ల నోట్లో ఇరవై పన్నెండు. అంటే ఆ పిల్ల 121 అని రాసింది పన్నెండూ ఒకటీ. దాని లెక్క దానికి సరిగ్గానే ఉంది. అరటిపళ్లు డజన్లలో కొనే మనకి ఇది వింతగా తోచడమే వింత.

మర్నాడు అదే పాఠం. కొబ్బరి చీపురు పుల్లలు జానెడు ముక్కలుగా కోసి పిల్లకి ఇరవై చొప్పున. ముందు పదిహేడు తీయమన్నారు. వాళ్ల లెక్కలోనే కట్టనిచ్చారు: పన్నెండు పుల్లల కట్ట ఒకటి, విడిగా అయిదు. ఇప్పుడా కట్ట విప్పించి రెండు పుల్లలు లాగి అయిదులో కలపమన్నారు. కట్టలో పది, బయట ఏడు. బోర్డు మీద ఎడమవైపు 12, 5. కుడివైపు 10, 7. రెండింటికీ కింద ఒకే 17. పదమూడుకీ, పంతొమ్మిదికీ ఇదే వరస: ప్రతిసారీ కట్టలోంచి బయటికొచ్చేవి రెండే. ఇరవైకి మాత్రం పది పుల్లల కట్టలు రెండు కట్టించారు. నాలుగో లెక్కకి ఆ పిల్ల చెప్పకుండానే రెండు లాగింది.

చెడేది ఎక్కడంటే, కట్ట. ఊడే ముడి వేయాలి. బిగించి కడితే, జిగురు పెడితే, పది ఒకట్లే ఒక పది అయిందని పిల్ల కంటికి కనపడదు. రబ్బరు బ్యాండు సులువే గానీ సగం తెగి పిల్లల చేతులకి చుట్టుకుంటాయి, పాఠం అటు పోతుంది. పదికి ఎర్ర పుల్ల, ఒకటికి తెల్ల పుల్ల అంటూ మొదట్లోనే రంగులు పెట్టొద్దు. ఎరుపంటేనే పది అనుకుంటారు. కట్టగానే పక్కవాడి చేత లెక్కపెట్టించాలి, తొమ్మిదో పదకొండో ఉండకుండా వదలరు.

ఆగస్టు 29న మనం గిడుగు రామమూర్తి పంతులుగారి ఫోటోకి దండ వేసి వ్యావహారిక భాష మీద గ్రాంథికంలో ఉపన్యాసాలు దంచేవాళ్లం కదా. మాస్టారు ఆయన్ని చెప్పే తీరు వేరు. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులైన మనిషి. సవర పిల్లలకి చదువు చెప్పాలంటే తనకి సవర రాదు. ఆగింది అక్కడ. రెండు భాషలూ తెలిసిన సవరని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు, సొంత డబ్బుతో బడి పెట్టారు. కొండల్లో తిరిగి మలేరియా, దానికి వాడిన కొయినాతో చెముడు. ఆ చెవులతోనే 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు. మన మాస్టారు దీన్ని త్యాగం అనేవారు కాదు. ‘తెలీనిది తెలిసినోడిని అడిగాడు, రాసుకున్నాడు, మీరు అదైనా చెయ్యండ్రా’ అనేవారు.

ఆ తర్వాత డీఎస్సీ కోసం కాసిన ఏళ్ల గురించి ఎవరికీ ఆసక్తి ఉండదు. ఆటో తోలుకుంటానన్నాయన ఇప్పుడు ప్రధానోపాధ్యాయుడు. కారుంది, తోలడం మాత్రం నేటికీ భయంకరం. నా సంగతి అడుగుతారు కాబట్టి: మా బడికి శిక్షణకి వచ్చే ఛాత్రోపాధ్యాయుల పుస్తకాలు చూసే పని నాది. నాలుగో గడి గీయిస్తున్నాను. మొదటి వారం అందరూ ‘అర్థం కాలేదు’ అనే రాస్తారు. ఎర్ర పెన్నుతో నేనూ ‘ఏటి?’ అని రాస్తాను. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె, అది తిట్టా అని అడిగింది.

పాత పాఠ్య పథకాల పుస్తకాలు ఎవరి దగ్గరైనా ఉంటే కలిసే రోజు తెండి. నాది చెదలు తినేసింది. 121 ఉన్న పేజీ మన ప్రధానోపాధ్యాయుడి దగ్గర భద్రంగా ఉందని వాళ్లావిడ చెప్పింది. ఆయన ఒప్పుకోవడం లేదు.