నాలుగో తరగతి కాగితం

హైస్కూల్ టీచర్ అవ్వాలంటే ఏం చదవాలక్కా అని మా వీధి పిల్లలు అడుగుతున్నారు. చదువు సంగతి తర్వాత. ముందు నాలుగో తరగతి స్టడీ సర్టిఫికెట్ ఇంట్లో ఉందో లేదో వెతకండి.

డిగ్రీ, బీఈడీ సీటు కోసం రాసే ఎడ్‌సెట్, రెండేళ్ల బీఈడీ, టీచర్ అర్హత పరీక్ష టెట్ అన్నీ టైముకే అయ్యాయి. 2025 ఏప్రిల్ 20న ప్రభుత్వ టీచర్ ఉద్యోగాలకి మెగా డీఎస్సీ నోటిఫికేషన్ పడింది, 16,347 పోస్టులు. స్కూల్ అసిస్టెంట్ సోషల్‌కి, అంటే హైస్కూల్ సోషల్ టీచర్ పోస్టుకి కట్టాను. 160 ప్రశ్నలకు 80 మార్కులు, మిగతా 20 టెట్ నుంచి కలుస్తాయి. టెట్ పాసయ్యాం కదా అని ఊరుకోకండి, మార్కులు తక్కువుంటే మళ్లీ రాయండి. అర మార్కుకే ర్యాంకు మారిపోతుంది. కోచింగ్‌కి నేను రూపాయి పెట్టలేదు. చీపురుపల్లిలో ప్రైవేటు స్కూల్లో తొమ్మిదేళ్లు చెప్పిన పాఠాలే నా కోచింగ్. గొప్పే, చెప్పుకుంటాను.

మాది రాజాం దగ్గర పల్లెటూరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చాం. ఆ డీఎస్సీకి మాత్రం పాత ఉమ్మడి జిల్లాలే లెక్క. ఉండేది విజయనగరం జిల్లాలో, లోకల్ అభ్యర్థిగా లెక్క శ్రీకాకుళంలో. అది నిరూపించుకోవడానికి నాలుగు నుంచి పది వరకు ఎక్కడ చదివామో కాగితాలు కావాలి. నాలుగు, ఐదు చదివిన ప్రైవేటు స్కూలు ఎప్పుడో మూతపడింది. ఆ షెడ్డులో ఇప్పుడు ధాన్యం బస్తాలున్నాయి.

దాని రిజిస్టర్లు ఉన్న ఆఫీసుకి వెళ్లాను. మొదటిరోజు సారు మీటింగ్‌లో ఉన్నారు. రెండోరోజు తాళం ఉన్నాయన సెలవు. మూడోరోజు గుమస్తా తల ఎత్తకుండానే, "ఏటమ్మా, ఇస్కూలే లేదు, కాయితం ఎక్కడి నుంచి తెచ్చీది?" అన్నాడు. పక్కాయన, "తొమ్మిదేళ్లు ప్రైవేట్లో చెప్పారంట కదా, అక్కడే ఉండిపోవలసింది" అని నవ్వాడు. ఆ గదిలోనే కంప్యూటర్ ముందు నా దగ్గర ఏడో తరగతి చదివిన కుర్రాడు కూర్చుని ఉన్నాడు. తల దించేసుకున్నాడు. వాళ్ల మాటల కన్నా అదే నాకు ఎక్కువ తగిలింది. పిల్లలకి మర్యాద నేర్పమని మనకి ట్రైనింగులు పెడతారు, ముందు ఈ బల్లల వెనక కూర్చున్నవాళ్లకి పెట్టాలి.

వాళ్లు భోజనానికి లేచాక ఆ కుర్రాడే వచ్చి, "రండి టీచర్" అని స్టోర్‌రూమ్ తలుపు తీశాడు. పిల్లలకి పంచగా మిగిలిన బూట్ల బస్తాల కింద దొరికింది అడ్మిషన్ రిజిస్టర్. సగం చెదలు తినేశాయి. నా పేరు బాగానే ఉంది, ఇంటిపేరులో మొదటి రెండక్షరాలు లేవు. సంతకానికి ఇంకో రెండు రోజులు తిప్పారు.

వెరిఫికేషన్‌లో ఆ కాగితం మీద టిక్కు పెట్టడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

మా బాబు ఎల్‌కేజీ ఫీజు రసీదు కూడా ఇప్పుడు బీరువాలో లాక్ చేసి పెట్టాను. మా ఆయన నవ్వుతున్నారు, నవ్వనీ.