మిథైల్ రెడ్ చూపించే వరుస

మే నెలలో మా ల్యాబ్‌లో కరెంటు పోతే 5సీబీ అనే రసాయనం ద్రవ స్ఫటికంగా, అంటే ద్రవంలా పారుతూనే అణువులు ఒకే దిశలో వరుసగా ఉండే పదార్థంగా, మిగలదు. దాదాపు 35 డిగ్రీలు దాటితే అణువుల వరుస చెదిరి మామూలు ద్రవమైపోతుంది. కోస్తా ఎండలకు అదేమంత పెద్ద వేడి కాదు.

ఆ వరుస కంటికి కనిపించాలంటే రంగు కలపాలి. అందుకే నాకు మిథైల్ రెడ్ అనే రంగు అంటే అంత ఇష్టం. బరువులో ఒక శాతం కూడా అక్కర్లేదు. విద్యుత్తును పోనిచ్చే పారదర్శక పూత ఉన్న రెండు గాజు పలకలు తీసుకుని, వాటిపై పలచటి పాలిమర్ పొర వేసి, మఖమల్ గుడ్డతో ఒకే దిశలో రుద్దుతాం. మధ్యలో కొన్ని మైక్రాన్ల సందు వదిలి, అంచున రంగు కలిపిన 5సీబీ చుక్క ఒకటి పెడితే అదే లోపలికి పాకుతుంది. దీన్నే సెల్ అంటాం. 5సీబీ అణువులు రుద్దిన దిశలో పడుకుంటాయి, రంగు అణువులు వాటితోపాటే సర్దుకుంటాయి.

ఇప్పుడు పోలరైజర్‌ను, అంటే ఒకే దిశలో కంపించే కాంతిని పోనిచ్చే పలకను, సెల్ ముందు పెట్టి తిప్పి చూడండి. ఒక దిశలో చిక్కటి నారింజ, దానికి లంబంగా పలచటి పసుపు. రంగు అణువు తన పొడవు వెంబడి కంపించే కాంతినే ఎక్కువగా పీల్చుకుంటుంది. కొన్ని వోల్టులిస్తే అణువులు నిటారుగా లేచి, చిక్కటి రంగు కాస్తా వెలిసిపోతుంది. 1968లో అమెరికాలో ఆర్‌సీఏ సంస్థకు చెందిన హైల్‌మైర్, జనోని ప్రకటించిన ప్రభావం ఇదే. సెల్‌ను వేడి చేసి వరుస చెదరగొడితే మాత్రం పోలరైజర్ ఎటు తిప్పినా ఒకటే రంగు.

వరుస ఎంత బాగుందో ఒక సంఖ్యతో చెప్పవచ్చు. వరుసకు సమాంతరంగా కంపించే కాంతిని సెల్ ఎంత పీల్చుకుందో అది సమాంతర శోషణ, లంబంగా కంపించేదాన్ని ఎంత పీల్చుకుందో అది లంబ శోషణ. సమాంతర శోషణలోంచి లంబ శోషణను తీసేయండి. వచ్చినదాన్ని, సమాంతర శోషణకు లంబ శోషణ రెండింతలు కలిపిన మొత్తంతో భాగించండి. వరుస పక్కాగా ఉంటే 1, అసలే లేకపోతే 0. నిజానికి ఇది రంగు అణువుల వరుసే తప్ప 5సీబీది కాదు, ఆ తేడా మరవకూడదు. పక్కన ఉష్ణోగ్రత రాయకుండా ఈ సంఖ్యను తెచ్చే విద్యార్థిని నేను వెనక్కి పంపుతాను. 25 డిగ్రీల దగ్గర వచ్చే విలువ వేరు, 34 దగ్గర వచ్చేది వేరు.

పాలిమర్ పొరల్లో ఈ ఉష్ణోగ్రత బెడద తక్కువ. పాలీవినైల్ ఆల్కహాల్ పొరను సాగదీసి అయొడిన్ ఎక్కిస్తే ఆ వరుస అలాగే బిగుసుకుపోతుంది. అమెరికా ఆవిష్కర్త ఎడ్విన్ లాండ్ 1938లో చేసిన ఈ పని నుంచి వచ్చిన పొరలే నేటికీ ఎల్‌సీడీ తెరల్లో ఉన్నాయి.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది 1990లో హంగరీ శాస్త్రవేత్త యానొషీ బృందం చూసినది. ఆంత్రాక్వినోన్ రంగు కొద్దిగా కలిపితే, కాంతితో ద్రవ స్ఫటిక అణువుల దిశను తిప్పడానికి కావలసిన కాంతి తీవ్రత దాదాపు వంద రెట్లు తగ్గింది. వేడి వల్ల జరిగింది కాదది. కాంతిని పీల్చి ఉత్తేజితమైన రంగు అణువుకు ఇరుగుపొరుగు అణువులతో ఉండే ఆకర్షణ మారిపోతుంది, ఆ తేడాయే వాటిని తిప్పే బలమవుతుంది. వరుసను అనుసరించే అణువే, వెలుతురు పడితే, వరుసను నడిపిస్తుంది.