కర్ర నేల మీద!

సంక్రాంతి సెలవుల్లో కలిసినప్పుడు పాత బ్యాచ్‌లకీ, ఇప్పుడు పదో తరగతి చదువుతున్న పిల్లలకీ మన హాల్లో ఫ్లోర్ హాకీ మ్యాచ్ పెట్టాలని నిర్ణయమైంది. ఆడి పాతికేళ్లయినవాళ్లకి గుర్తుండేది పీటీ సారు కేక ఒక్కటే: “కర్ర నేల మీద!” ఆయన ఎందుకంతలా గొంతు చించుకునేవారో రాస్తున్నాను. దిగేముందు ఒకసారి చదువుకోండి.

పేరు ఒకటే గానీ ఫ్లోర్ హాకీలు చాలా ఉన్నాయి. స్పెషల్ ఒలింపిక్స్‌లో ఆడేదాంట్లో బంతే ఉండదు. మధ్యలో కన్నం ఉన్న మందపాటి ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని గుడ్డ) బిళ్లని, కొసన వంపు లేని కర్రని ఆ కన్నంలో దూర్చి నడిపిస్తారు. మనది ఫ్లోర్‌బాల్‌కి దగ్గర. స్వీడన్‌లో పెరిగిన ఆట అది. 1986లో స్వీడన్, ఫిన్లాండ్, స్విట్జర్లాండ్ కలిసి దానికి అంతర్జాతీయ సమాఖ్య పెట్టుకున్నాయి. మద్రాసు ఎగ్మూరు స్టేడియంలో చూసే మామూలు హాకీతో పోల్చుకుంటే తికమకే. అక్కడ కర్రకి చదునుగా ఉన్న వైపే వాడాలి, ఎడమ వాటం కర్ర అనేదే లేదు. ఇక్కడ బ్లేడు (కర్ర కింది కొసన ఉండే పలక) రెండు వైపులా వాడొచ్చు, ఎడమ వాటానికి వేరే కర్రలూ దొరుకుతాయి.

ఇక బంతి. ప్లాస్టిక్ గుల్ల, 26 కన్నాలు, 72 మిల్లీమీటర్ల వ్యాసం. అంటే అచ్చం క్రికెట్ బంతి సైజు. బరువు మాత్రం 23 గ్రాములు, క్రికెట్ బంతిలో ఏడో వంతు. చిక్కంతా ఇక్కడే. కన్ను క్రికెట్ బంతిని చూస్తుంది, చెయ్యి బ్యాటు ఎత్తేస్తుంది. మద్రాసు సందుల్లో పెరిగిన చేతులు మరి! అలా ఊపితే కర్ర బంతి కంటే ముందు నేలకి తగిలి మెడ దగ్గర విరుగుతుంది, లేదా బంతి మీదుగా పోయి పక్కవాడి మోకాలి చిప్ప వెతుక్కుంటుంది. మన హాల్లో మోకాలు దాటి కర్ర లేస్తే ఫౌల్ అన్నది అందుకే.

కర్ర కొస నేలకి ఆనించి నిటారుగా నిలబడితే పై చివర బొడ్డు దగ్గరికి రావాలి. రెండు వేళ్లు అటూ ఇటూ అయినా ఫరవాలేదు. మరీ పొడవైతే పై చెయ్యి పొట్టకి అడ్డం పడి మణికట్టు తిరగదు (పాతవాళ్లకి ఈ బాధ కాస్త ఎక్కువే). పొట్టిదైతే పది నిమిషాల్లో నడుం పట్టేస్తుంది. తగ్గించాలంటే పైన గ్రిప్ ఊడదీసి, రంపంతో కోసి, మళ్లీ చుట్టాలి. బ్లేడు వైపు ముట్టుకోకండి.

వాటమైన చెయ్యి పైన ఉంటే మేలు, కర్రని తిప్పేది అదే. రెండోది జానెడు కింద, వదులుగా. క్రికెట్ ఆడినవాడి కుడిచెయ్యి దానంతటదే కిందికి పోతుంది. తప్పు కాదు గానీ, బలమంతా ఆ చేతిలోకి దిగి బాదుడు మొదలవుతుంది.

షాట్ అంటే విసరడం. బంతిని వెనక కాలి పక్కన, బ్లేడు మధ్యలో పెట్టుకోండి. అక్కణ్నుంచి ముందు కాలి దాకా, దాదాపు మీటరు దూరం, బ్లేడు బంతిని వదలకుండా నేలని రాసుకుంటూ రావాలి. ఆలోపు ఒంటి బరువు వెనక కాలి నుంచి ముందు కాలికి మారాలి. చివర్లో పై చేతిని ఒంటి వైపు లాగి, కింది చేతిని ముందుకి తోసి, మణికట్లు ఒక్కసారి తిప్పాలి. బ్లేడు ఎటు చూస్తూ ఆగితే బంతి అటే. కింద ఆగితే నేల బారున, లేస్తే బంతీ లేస్తుంది. బాగా కుదిరితే ‘సర్ర్’మని వినిపిస్తుంది. ‘టప్’మంటే బాదారన్నమాట.

పాస్ అందుకోవడంలో మాత్రం క్రికెట్ పనికొస్తుంది. క్యాచ్ పట్టేటప్పుడు చేతులు వెనక్కి తీసినట్టే, బంతి తగిలే క్షణంలో బ్లేడుని కాస్త వెనక్కి తీయాలి, పై అంచు బంతి మీదికి వంచాలి. బిగుసుకుని నిలబడితే బంతి ఎగిరి ఎదుటివాడికి పోతుంది.

మన మొజాయిక్ నేల సంగతి మర్చిపోకండి. సముద్రపు గాలికి పొద్దున్నే చెమ్మ పడుతుంది; తడిగుడ్డ వద్దు, పొడి గుడ్డతో తుడవాలి. పండగకి హాల్లో ముగ్గు పెడితే ఆ పిండి పూర్తిగా ఊడ్చాకే ఆట, బూటు కింద అది జారుడుబండే. కోర్టు చుట్టూ అంచుగా పెట్టే బోర్డులకి బదులు బెంచీలు పక్కకి పడుకోబెట్టండి, కాళ్లు బయటి వైపుకి. మూలల్లో ఏటవాలుగా పెట్టకపోతే బంతి ఇరుక్కుని, నలుగురూ దానిమీద పడి కర్రలతో తవ్వుతూ ఉంటారు.

అసలు లెక్కకి 40 మీటర్ల పొడవు, 20 వెడల్పు కోర్టు, గోల్‌కీపర్ కాక అయిదుగురు, 20 నిమిషాల భాగాలు మూడు. మన హాలుకి ముగ్గురూ, కీపరూ చాలు. ఎదుటివాడి కర్రని కొట్టకూడదు, ఎత్తకూడదు, తన్నకూడదు. భుజానికి భుజం ఆనించొచ్చు, చేత్తో తోయకూడదు. చెయ్యి, తల బంతికి తగలకూడదు. ఫ్రీ హిట్‌కి (ఫౌల్ అయ్యాక అవతలి జట్టుకిచ్చే దెబ్బ) ఎదుటివాళ్లు కర్రలతో సహా దూరం జరగాలి. తప్పు పెద్దదైతే రెండు నిమిషాలు బయట.

గోల్ 160 సెంటీమీటర్ల వెడల్పు, 115 ఎత్తు. కీపర్‌కి కర్ర ఉండదు. మోకాళ్ల మీద కూర్చుని చేతులతో, ఒంటితో ఆపుతాడు. క్రికెట్ ప్యాడ్లు కట్టుకొస్తామంటే కుదరదు, అవి కట్టుకుని మోకాళ్ల మీద కూర్చోలేరు. మెత్తటి మోకాలి ప్యాడ్లు, మందపాటి ప్యాంటు, ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్ కావాలి. చేత్తో విసిరిన బంతి మధ్యగీత దాటేలోపు నేలకో ఆటగాడికో తగలాలి.

ఆటగాళ్లని మార్చడానికి ఆట ఆపక్కర్లేదు. లోపలివాడు బయటికి వచ్చాకే రెండోవాడు దిగాలి, అంతే. పాతవాళ్లు నిమిషానికోసారి మారండి, రొప్పు మొదలయ్యేదాకా ఆగొద్దు. పదో తరగతివాళ్లు ఎలాగూ మారరు, మారమన్నా వినరు.