కనపడతంది కదా, దారుంటాది

2024 సంక్రాంతికి మా ఊళ్ళో జనమంతా బరి దగ్గరుంటే నేనూ మా పెద్దనాన్న గారి అబ్బాయి, అంటే మా అన్నయ్య, రొయ్యల చెరువు గట్టు మీద షెడ్డులో నులకమంచం వేసుకుని డూమ్ ఆడాం, రాక్షసుల్ని కాల్చుకుంటూ పోయే కంప్యూటర్ ఆట. మూడు రాత్రులు. అప్పటికి నెల ముందే 2023 డిసెంబర్ 10న, సరిగ్గా డూమ్‌కి ముప్పై ఏళ్ళు నిండిన రోజున, ఆ ఆట తయారుచేసినోళ్ళలో ఒకడైన జాన్ రొమేరో సిజిల్ 2 వదిలాడు, అంటే 1993 నాటి ఆటకి ఆరో ఎపిసోడ్ అన్నమాట. ఐదోది మొదటి సిజిల్, అది 2019 మే 31న వచ్చింది. అన్నయ్య ఆ రెండూ చూడలేదు, అసలు వచ్చాయనే తెలీదు, అందుకే లాప్‌టాప్‌లో ఎక్కించుకుని మరీ తీసుకెళ్ళా.

మాది సఖినేటిపల్లి వైపు. అన్నయ్య నర్సాపురంలో డిగ్రీ చదివేటప్పుడు రోజూ పంటు ఎక్కి వశిష్ఠ గోదారి దాటి వెళ్ళేవాడు, ఆదివారాలు నన్నూ తీసుకెళ్ళి నెట్ సెంటర్లో గంట ఇప్పించేవాడు. అక్కడ ఓ మూల సిస్టమ్‌లో డూమ్ ఉండేది, షేర్‌వేర్ ది, అంటే మొదటి ఎపిసోడ్ ఒక్కటే ఫ్రీ, మిగతావి కొనుక్కోవాలి. మాకు కొనడం ఏంటో ఎక్కడ కొనాలో కూడా తెలీదు. ఆ ఒక్క ఎపిసోడ్‌నే ఎన్నిసార్లు ఆడామో లెక్కలేదు. చివర్లో బేరన్లని ఇద్దరు పెద్ద రాక్షసులుంటారు, వాళ్ళని చంపాక ఒక చీకటి గదిలోకి వెళ్ళి పడతాం, చుట్టూ రాక్షసులు, ఆరోగ్యం పడిపోతా ఉంటది, లెవెల్ అక్కడితో అయిపోద్ది. మేం ఓడిపోయామనుకున్నాం. మూడోసారో నాలుగోసారో అన్నయ్య ఆ తర్వాత వచ్చే ఇంగ్లీషు ముక్కలు ఒక్కోటీ కూడబలుక్కుని చదివి "గెలిచామంటరా, కథ ఇంకా ఉందంట" అన్నాడు. ఆ "ఇంకా ఉందంట" అన్న మాట మాత్రం నాకు చాలా ఏళ్ళు మనసులో ఉండిపోయింది.

డూమ్ ఆడినోళ్ళెవరికైనా మొదటి లెవెల్లో మొదటి గది గుర్తుంటది. ఆట మొదలవగానే ఎడాపెడా కాల్చుకుంటూ పోతాం గానీ, ఒక్క నిమిషం ఆగి కిటికీలోంచి చూస్తే బయట ఆకాశం కింద ఖాళీ జాగా, అందులో నీలం రంగు కవచం కనపడుద్ది. చెయ్యి చాపితే అందేలా ఉంటది, దారి మాత్రం ఉండదు. ముందుకెళ్ళి, పచ్చటి విషపు నీళ్ళ మీద మెలికలు తిరిగిన ఆ వంతెన గది దగ్గర చీకటి సందు ఒకటి పట్టుకుంటే తిరిగి తిరిగి ఆ కిటికీ బయటికే వస్తాం. అన్నయ్య ఆ సందు కనిపెట్టిన రోజు తిరుగు పంటులో నాకు చెప్పిన మాట ఇప్పటికీ గుర్తే, ఒడ్డున నిలబడితే నర్సాపురం మనకి రోజూ కనపడద్దా లేదా, మరి రేవుకెళ్ళి పంటెక్కితేనే కదా చేరేది, పంటు ఆగిపోతే చించినాడ బ్రిడ్జి మీదుగా చుట్టూ తిరిగైనా వెళ్తాం కదా, ఇదీ అంతేరా అని. గోదారి పక్కన పెరిగినోళ్ళకి ఈ ఆట ఎవరూ నేర్పక్కర్లేదని నాకు అప్పుడే అనిపించింది.

చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది ఏంటంటే అది ఏదో కలిసొచ్చిన విషయం కాదు, రొమేరో లెవెల్స్ కట్టేటప్పుడు పెట్టుకున్న నియమాల్లో అదొకటి. బయట ఏదైనా ఆడేవాడి కంటికి కనపడితే అక్కడికి ఎలాగోలా వెళ్ళగలగాలి. ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ తిప్పి తీసుకురావాలి, అప్పుడే ఆ జాగా మొత్తం మనిషి బుర్రలో కూర్చుంటది. వెలుగు పక్కన చీకటి, ఇరుకు పక్కన విశాలం. ఇవన్నీ చెప్పుకోడానికి చిన్న విషయాల్లా ఉంటాయి గానీ డూమ్ ఇంజిన్లో ఒక గది మీద ఇంకో గది కట్టడం కూడా కుదరదు, అలాంటి దాంట్లో ఇంత లోతు తెప్పించాడంటే ఈ నియమాల వల్లే.

ఆ మనిషి 1996లో డూమ్ చేసిన ఐడీ కంపెనీ వదిలి బయటికొచ్చేశాడు. ఇరవై ఏళ్ళ తర్వాత 2016లో చెయ్యి తిరగడం కోసం ఒక మ్యాప్, అంటే ఒక లెవెల్, కట్టాడు, తర్వాత ఇంకోటి, ఆ తర్వాత ఏకంగా తొమ్మిది మ్యాపుల సిజిల్. నాకు నచ్చిందేంటంటే కొత్త తుపాకులు లేవు కొత్త రాక్షసులు లేరు, అవే ఇంపులు అవే పింకీలు అవే కాకోడెమన్లు, 1993లో చేతిలో ఉన్న సామానుతోనే ఇల్లు కట్టాడు. బకెట్‌హెడ్ అనే గిటారిస్టు సంగీతంతో కావాలంటే 6.66 యూరోలు పెట్టి కొనుక్కోవాలి, లేదంటే అవే మ్యాపులు ఫ్రీగా ఇచ్చేశాడు, అసలు డూమ్ మన దగ్గరుంటే చాలు. నేను ఆ అసలు డూమ్‌ని మొదటి జీతాల్లో కొన్నా.

సిజిల్ చాలా చీకటి ఆట. నేల పగుళ్ళలోంచి వచ్చే ఎర్రటి వెలుగే దిక్కు, కాలు పెట్టేంత సన్నటి గట్లు, అటూ ఇటూ లావా. గోడల్లో కళ్ళు ఉంటాయి, వాటిని కాలిస్తే ఎక్కడో ఏదో తెరుచుకుంటది, ఏం తెరుచుకుందో వెతుక్కోవాలి. అన్నయ్యకి రెండు గంటల్లో చెయ్యి కుదిరిపోయింది. రాత్రి పదకొండుకి చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్న చప్పుడు, ఆ చప్పుళ్ళో స్పీకర్ సరిగ్గా వినపడక ఇయర్‌ఫోన్ చెరో చెవిలో పెట్టుకున్నాం. గంటకోసారి లేచి టార్చి వేసుకుని చెక్ ట్రే పైకి లాగి మేత ఎంత మిగిలిందో చూసొచ్చేవాడు, చేతులు లుంగీకి తుడుచుకుని మళ్ళీ మౌసు పట్టేవాడు. రెండో రాత్రి మధ్యలో కరెంటు పోయింది. చెరువులో గాలి ఆగితే రొయ్య తేలిపోద్ది, నిమిషాల లెక్క, ఇద్దరం చెప్పులు కూడా లేకుండా జనరేటర్ దగ్గరికి పరుగెత్తాం. అది అందుకుని ఏరేటర్లు తిరిగాక వచ్చి చూస్తే లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తానే ఉంది, పాజ్ నొక్కిన చోటే ఇంపు చెయ్యెత్తి నిప్పు విసరబోతా అలాగే ఉంది.

తర్వాత 2024 ఆగస్టులో డూమ్ ఒకటీ రెండూ కలిపి కొత్తగా వదిలినప్పుడు లెగసీ ఆఫ్ రస్ట్ అని ఇంకోటి కూడా వచ్చింది, ఐడీ వాళ్ళూ నైట్‌డైవ్ వాళ్ళూ మెషీన్‌గేమ్స్ వాళ్ళూ కలిసి చేశారు, కొత్త తుపాకులు కొత్త రాక్షసులు అన్నీ ఉన్నాయి. బావుంది, కాదనను. కానీ నాకు మాత్రం సిజిలే ఎక్కువ, ఎందుకంటే ఇందులో ఒక్క మనిషి చెయ్యి కనపడుద్ది, ఆ చేతిని నేను చిన్నప్పట్నించీ ఎరుగుదును.

మూడో రాత్రి ఒక మ్యాప్‌లో ఇరుక్కుపోయాం. లావాకి అవతల ఎత్తు మీద ఏదో మెరుస్తా ఉంది, గంట సేపు తిరిగాం, దొరకలేదు. వదిలేద్దాం అన్నయ్యా పొద్దున్నే బస్సుంది అన్నా. "కనపడతంది కదరా, దారుంటాది" అని లాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు. నేను నిద్రపోయా. ఆట ఎక్కించిచ్చి ఆ పాత లాప్‌టాప్ అక్కడే వదిలేసి వచ్చేశా.

పది రోజుల తర్వాత చెరువులో రొయ్యల పట్టుబడి అయిన సాయంత్రం ఫోన్ చేశాడు. కౌంటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలో, ఎంత వచ్చిందో రేటు ఎంత పలికిందో చెప్తాడనుకున్నా. "ఒరేయ్, ఎక్కానురా దాని మీదకి" అన్నాడు.