రిపోర్టు వచ్చిందట, నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు

నా గర్భసంచి మూతి దగ్గర క్యాన్సర్‌గా మారే ప్రమాదమున్న కణాలు ఉన్నాయని ఒక కాగితం మీద రాసి ఉంది. ఆ కాగితం మా ఊరికి వచ్చి ఏడాది దాటింది. ఆ ఏడాదంతా నేను పండగలు చేసుకున్నాను, అట్లతద్దికి ఉపవాసం ఉన్నాను, మా అమ్మాయి నర్సింగ్ ఫీజులు కట్టాను, మా అత్తగారి షుగర్ చూసుకున్నాను. నాకు ఒక్కరూ చెప్పలేదు. ఇప్పుడు బాగున్నాను, భయం తగ్గింది, అందుకే రాయగలుగుతున్నాను. కోపం మాత్రం తగ్గలేదు.

మాది పర్లాకిమిడి. పక్కనే పాతపట్నం, అది ఆంధ్ర, మాది ఒడిశా. ఇంట్లో తెలుగు, ఆఫీసులకి వెళ్తే ఒడియా. మా మహిళా సంఘం వాళ్ళందరినీ ఆశా దీదీ ఒక క్యాంపుకి తీసుకెళ్ళింది, ముప్ఫై దాటిన ఆడవాళ్ళంతా చేయించుకోవాలని. బీపీ, షుగర్, రొమ్ము పరీక్ష, తర్వాత పాప్ స్మియర్, అంటే గర్భసంచి మూతి నుంచి కణాలు తీసి చూసే పరీక్ష. ప్రభుత్వ కార్యక్రమంలో చాలాచోట్ల ఎసిటిక్ యాసిడ్ పూసి చూస్తారట, పొర తెల్లబడితే నిమిషంలో తెలిసిపోతుంది, అక్కడికక్కడే చెప్పేయొచ్చు. మాకు అలా కాదు, గాజు పలక మీద నమూనా తీసి బయట ల్యాబ్‌కి పంపారు. పేరు, ఫోన్ నంబరు రాసుకున్న అమ్మాయి అందరికీ ఒకే మాట చెప్పింది: "ఏమైనా తేడా ఉంటే మేమే ఫోన్ చేస్తాం, ఫోన్ రాకపోతే అంతా బాగున్నట్టే."

ఫోన్ రాలేదు. అంటే బాగున్నట్టే కదా.

ఎలా తెలిసిందంటే, అత్తగారిని అదే ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడ పనిచేసే నర్సు, మా వీధి పిల్లే, నన్ను చూసి "వదినా, విశాఖ వెళ్ళొచ్చావా, ఏమన్నారు?" అంది. దేనికి వెళ్ళాలి అన్నాను. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. లోపలికి వెళ్ళి రిజిస్టరు పట్టుకొచ్చింది. నా పేరు ఉంది, నా ఫోన్ నంబరు ఒక్క అంకె తప్పు లేకుండా ఉంది, దానికి నా రిపోర్టు పిన్ను కొట్టి ఉంది. వానాకాలం తేమకి పిన్ను తుప్పు పట్టి కాగితం మీద గోధుమరంగు మరక పడింది. ఆ వరసలో చివరి గడి, పేషెంటుకి తెలియజేశారా అని. అందులో ఎర్ర సిరాతో టిక్కు ఉంది. నాకు చెప్పినట్టు టిక్కు పెట్టేశారు! రిపోర్టు రాకపోవడం వేరు, ఎక్కడో పోవడం వేరు, వచ్చి, చదివి, చెప్పినట్టు రాసుకుని చెప్పకపోవడం వేరు.

లోపల ఉన్న పెద్దాయన దగ్గరికి వెళ్ళి అడిగితే తల కూడా ఎత్తలేదు. "అన్ని వందల మందికి కూర్చుని ఫోన్లు చేయడానికి ఎవరున్నారమ్మా ఇక్కడ? మీరే వచ్చి కనుక్కోవాల్సింది." ఈ మాట నాకు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది. మీరే ఫోన్ చేస్తామన్నారు కదా అంటే, అలా చెప్పినవాళ్ళు ఇప్పుడు పనిలో లేరన్నాడు.

ఆ రాత్రి గురించి రాయాలి. మా ఆయన కాగితం చూసి, అర్థం కాక, "ముందు పడుకో, పొద్దున్న చూద్దాం" అని అటు తిరిగి పడుకున్నాడు. ఆ క్షణంలో ఆయన మీద వచ్చిన కోపం నా జన్మలో ఎవరి మీదా రాలేదు. కరెంటు లేదు. ఫోన్ లైటు వేసుకుని ఆ ఇంగ్లీషు అక్షరాలు మళ్ళీ మళ్ళీ చూశాను, హెచ్‌ఎస్‌ఐఎల్ అని. ఏడాదిలో వచ్చిన ప్రతి నడుంనొప్పి, ప్రతి మరక గుర్తు చేసుకున్నాను. తర్వాత లేచి చీటీ డబ్బులు ఎవరెవరు ఇవ్వాలో నోట్‌బుక్కులో రాశాను. అమ్మాయి పెళ్ళికని దాచిన గొలుసు ఎక్కడుందో ఆయనకి తెలియదని గుర్తొచ్చి ఆ కిందే అదీ రాశాను. రాసిన అక్షరాలు చూసుకుంటే నావి కావనిపించింది, అంత వంకరగా ఉన్నాయి. ఇక ఆగలేక అర్ధరాత్రి దాటాక శ్రీకాకుళం హాస్టల్లో ఉన్న అమ్మాయికి ఫోన్ చేశాను. "అమ్మా, అది క్యాన్సర్ అని కాదు, క్యాన్సర్‌కి ముందు దశ, వైద్యం ఉంది" అని చెప్తూ చెప్తూ తనే ఏడ్చేసింది. తెల్లారేదాకా ఇద్దరం ఫోన్ పెట్టలేదు. నీలమణి దుర్గమ్మకి ఆ రాత్రే మొక్కుకున్నాను.

పొద్దున్నే చూస్తే మా ఆయన నాకంటే ముందు లేచి సంచి సర్దేశాడు. దుకాణం మూసేసి విశాఖకి నాతోపాటే వచ్చాడు, వైద్యం అయ్యేదాకా నన్ను ఒక్కదాన్ని ఎక్కడికీ పంపలేదు. రేషన్ కార్డు ఒడిశాది కాబట్టి ఆంధ్ర ఆరోగ్యశ్రీ మాకు వర్తించలేదు, ఖర్చంతా చేతినుంచే. ఒక్కమాట అనలేదు ఆయన.

ఈలోగా మా ఆడపడుచు, "పిల్లలు పుట్టేశారుగా, గర్భసంచి తీయించేసుకుంటే గొడవ వదులుతుంది" అంది. మన వైపు ఎంతమంది ఆడవాళ్ళకి ఇలా చిన్నదానికీ పెద్దదానికీ తీసేశారో! విశాఖలో డాక్టరమ్మ మాత్రం ఒప్పుకోలేదు. కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. కాల్పోస్కోపీ చేసి, అంటే గర్భసంచి మూతిని పెద్దదిగా చూపించే పరికరంతో చూసి, చిన్న ముక్క తీసి పంపితే సీఐఎన్ త్రీ అని వచ్చింది. అంటే ముందు దశల్లో చివరిది. లీప్ అని, సన్నటి కరెంటు తీగతో ఆ పాడైన పొర మేరకు తీసేశారు, మత్తు అక్కడికి మాత్రమే, సాయంత్రానికి పంపేశారు. తీసిన ముక్క అంచుల్లో ఏమీ లేదని తర్వాత రిపోర్టు వచ్చింది. ఆ రిపోర్టు రాగానే డాక్టరమ్మ స్వయంగా ఫోన్ చేసింది. ఆదివారం పూట. ఆవిడకి నా దండం.

ఆ ఏడాదిలో ఏమయ్యుండేది అని అడిగాను. దాచకుండా చెప్పింది: "ఇది సాధారణంగా ఏళ్ళ తరబడి మెల్లగా ముదురుతుంది, అందరికీ క్యాన్సర్ అవదు, కొందరికి అవుతుంది. మీకు ఇంకా లోపలికి పోలేదు, అదృష్టం." నా ప్రాణం అదృష్టం మీద ఎందుకు ఆధారపడాలి? పరీక్ష ఉన్నదే ఆ పని లేకుండా కదా.

ఇంకొకటి. దీనికి కారణం హెచ్‌పీవీ అనే వైరస్ అని తెలిసినప్పటి నుంచి కొందరు నావైపు చూసే చూపు మారింది. కాపురం చేసే దాదాపు ప్రతి మనిషికీ ఎప్పుడో ఒకప్పుడు తగిలేదే అది, ఎక్కువమందికి ఒకటి రెండేళ్ళలో దానంతటదే పోతుంది, కొద్దిమందిలో ఉండిపోతుంది. అది తగిలిందని ఎవరి నడవడికనీ తప్పుపట్టడానికి లేదు. ఆ చూపులు చూసేవాళ్ళు ముందు వెళ్ళి తమ పరీక్ష చేయించుకోవాలి.

మా అమ్మాయి ఐర్లండ్‌లో విక్కీ ఫెలన్ అనే ఆవిడ గురించి చెప్పింది. 2011లో ఆవిడ పరీక్ష బాగుందన్నారు, 2014లో క్యాన్సర్ బయటపడింది. పాత స్లయిడు మళ్ళీ చూస్తే మొదటిసారి తప్పు చదివారని తేలింది, ఆ సంగతి ఆవిడకి 2017 దాకా చెప్పలేదు. కోర్టుకెళ్ళింది. బయట మాట్లాడకూడదనే షరతుకి ఒప్పుకోకపోవడం వల్ల 2018లో అంతా బయటికొచ్చింది, తనలాంటివాళ్ళు రెండు వందల మందికి పైగా ఉన్నారని తేలింది. 2022లో ఆవిడ చనిపోయింది. అంత దూరంలో, అంత డబ్బున్న దేశంలో కూడా ఇదే అని వింటే ఒళ్ళు జలదరించింది.

అందుకని చెప్తున్నాను, ఏ క్యాంపులో ఏ పరీక్ష చేయించుకున్నా ఫోన్ కోసం ఎదురుచూడకండి. బాగుందన్నా సరే, ఆ మాట కాగితం మీద చేతిలో పెట్టమనండి. మన రికార్డు మనం అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్లకి 2002 నుంచి నియమావళి ఉంది, ఈ సంగతి నోటితో చెప్తే చాలు, చాలామంది గొంతు మారుతుంది. వైద్యం అయ్యాక కూడా పరీక్షలు మానకూడదు. నాకు ఆ తర్వాత చేసిన హెచ్‌పీవీ పరీక్షలో ఏమీ లేదని వచ్చింది, అయినా డాక్టరమ్మ ఏళ్ళ తరబడి రావాల్సిందే అంది. పాతపట్నం వెళ్ళి అమ్మవారి మొక్కూ తీర్చుకున్నాను.

ఆ రోజు క్యాంపులో నాతోపాటు వరసలో నిలబడ్డవాళ్ళని ఆశా దీదీ సాయంతో ఒక్కొక్కరినీ కలిశాం, ఎవరి రిపోర్టు వాళ్ళే వెళ్ళి అడిగి తెచ్చుకున్నారు. చాలామందికి బాగానే ఉంది. నా వెనకే నిలబడ్డ అమ్మాయి ఒకతి మాత్రం మొగుడితో హైదరాబాద్ భవనాల పనికి వెళ్ళిపోయింది. వాళ్ళ అత్తగారు వెళ్ళి అడిగితే మనిషే రావాలన్నారు, అదీ నిజమే, ఆ మనిషి అనుమతి లేకుండా వేరేవాళ్ళకి ఇవ్వకూడదు. పాత నంబరు పనిచేయడం లేదు. వాళ్ళ మరిది నిన్న కొత్త నంబరు ఇచ్చాడు. పగలు పనిలో ఎత్తదట, రాత్రికి చేస్తాను.