ఉగ్గాని తిని వచ్చేసరికి జోన్ పడింది

అనంతపురం ఎండలో ఏసీ లేని ల్యాబ్ అంటే ఎట్లుంటాదో చెప్పనక్కర్లే, కానీ సాలిసిలాల్డిహైడ్‌లో ఇథైల్ అసిటోఅసిటేట్ కలిపి నాలుగు చుక్కలు పిపెరిడిన్ వేస్తే లేత పసుప్పచ్చగా గడ్డకడతాది చూడండి 3-అసిటైల్ కౌమరిన్ అనే రసాయనం, అప్పుడు ఎండా గిండా ఏం గుర్తుండదు. దానికి బ్రోమిన్ తగిలించి (కండ్లు మండి చచ్చినా!) థయోయూరియాతో మరిగిస్తే థయజోల్ రింగు (నత్రజని, గంధకం ఉండే అయిదు పరమాణువుల వలయం) వచ్చేస్తాది.

ఇంక టెస్టు, అంటే మేం చేసిన ఈ మందు బ్యాక్టీరియాని ఆపుతాదా లేదా అని. బ్యాక్టీరియా పూసిన ప్లేట్లలో గుంటలు చేసి, మందు పోసి, 37 డిగ్రీల్లో 24 గంటలు పెట్టి, పొద్దున ఉగ్గాని బజ్జి తిని ఉరుక్కుంటా వచ్చి చూస్తే స్టాఫ్ ఆరియస్ (గ్రామ్ పాజిటివ్ రకం బ్యాక్టీరియా) ప్లేట్‌లో జోన్ పడింది, అంటే గుంట చుట్టూ బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం; ఈ.కోలై (ఇది గ్రామ్ నెగెటివ్ రకం) మాత్రం అస్సలు లెక్కచెయ్యలే. దానికి బయట ఇంకో పొర ఉంటాది కదా, మందుని లోపలికి రానీదు. నోవోబయోసిన్ అనే యాంటీబయోటిక్ కూడా కౌమరినే, దాని జోరు కూడా ఎక్కువగా గ్రామ్ పాజిటివ్ వాటి మీదే. ఉత్త డీఎంఎస్‌ఓ (మందుని కరిగించిన ద్రవం) పోసిన గుంట చుట్టూ ఏం రాలే, హమ్మయ్య. పోలికకి పెట్టిన యాంటీబయోటిక్ సిప్రోఫ్లాక్సాసిన్ జోన్ పక్కన మాది చిన్నపిల్లోడి లెక్క ఉంది లెండి.